అరలు ముందా, బల్ల ముందా?

పత్తి, మిరప పండే మెట్టప్రాంతం మాది. 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా అయింది గానీ, పెద్దవాళ్ల నోట ఇప్పటికీ కృష్ణా జిల్లా మెట్ట అనే వస్తుంది. జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా హైవేకి అటూ ఇటూ ఉన్న ఊళ్లలో పంటకాలం వచ్చిందంటే స్ప్రేయర్లు మొరాయిస్తాయి, బోరు మోటార్లు కాలిపోతాయి, ట్రాక్టరు ట్రాలీల డోర్లు ఊడిపోతాయి. వీటిని బాగుచేసే పని చాలావరకు బోర్డులున్న పెద్ద వర్క్‌షాపుల్లో జరగదు. ఇంటి వెనక రేకుల షెడ్డులోనో, పశువులు పోయి ఖాళీ అయిన కొట్టంలోనో జరుగుతుంది. ఆ షెడ్డు ఎలా ఉండాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ ఒక మనిషి సంపాదన, ఒంటి ఆరోగ్యం, ఆ ఇంటి పిల్లల క్షేమం దాని మీదే ఆధారపడి ఉంటాయి.

ఈ సంవాదంలో ఇద్దరున్నారు. బావ నందిగామవాడు, కుర్రాళ్లకి ఫిట్టరు పని నేర్పి రిటైరైనవాడు. బావమరిదిది పేట. జగ్గయ్యపేటని ఇక్కడ అందరం పేట అనే అంటాం. విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకుని వచ్చి, ఇంటి దగ్గరే షెడ్డు వేసుకున్నాడు. చేతిలో కొంత డబ్బు చేరింది. దాంతో షెడ్డుకి ఏం చెయ్యాలన్నదే వీళ్ల తగువు.

బావమరిది: బావగారూ, మీరు చెప్పే ర్యాకులు నాకొద్దు. ఉన్న డబ్బుతో గట్టి పనిబల్ల ఒకటి, దాని మీదికి పెద్ద వైసు, ఒక డ్రిల్లింగ్ స్టాండు కొనుక్కుంటాను. అవి పని చేసిపెడతాయి. ర్యాకు ఏం చేస్తుంది? గోడకి ఆనుకుని నిలబడుతుంది.

బావ: మొన్న మోటారు తెచ్చిన రైతు నీ గుమ్మంలో ఎంతసేపు కూర్చున్నాడో గుర్తుందా? బేరింగు పుల్లరు కోసం గోనెసంచులన్నీ కుమ్మరించావు. విప్పి బేరింగు మార్చడానికి పట్టిన సేపు కంటే పుల్లరు వెతకడానికి పట్టిన సేపే ఎక్కువ. ఆ వెతుకులాటకి ఎవరూ నీకు కూలి ఇవ్వరు. అవతల అతని మిరప తోట ఎండుతోంది.

బావమరిది: ఒక్కోసారి అలా అవుతుంది. మామూలుగా నాకు ఏది ఎక్కడుందో తెలుసు.

బావ: నీకు తెలుసు. నువ్వు ఊళ్లో లేనినాడు మా చెల్లెమ్మకి తెలుసా? కోడలు పిల్ల ఎలక్ట్రికల్ డిప్లొమా చదువుతోంది, సెలవులకి వచ్చి మల్టీమీటరు అడిగితే ఆ షెడ్డులో దానికి దొరుకుతుందా?

బావమరిది: కొండపల్లి వెళ్లి బొమ్మలు చేసేవాళ్లని చూడండి. నేల మీద కూర్చుంటారు. తెల్లపొణికి ముక్క, ఉలి, ఆకురాయి, పక్కన చింతగింజల పిండితో కలిపిన మక్కు. అన్నీ చేతికందేంత దూరంలోనే ఉంటాయి. ఆ పనికి దేశమంతా పేరుంది. ర్యాకుల వల్ల వచ్చిందా ఆ పేరు?

బావ: వాళ్ల పనిముట్లు ఒక గుడ్డలో చుట్టి చంకన పెట్టుకోవచ్చు. కర్ర ఒకటే రకం. నీ పని అలాంటిది కాదు. అర హెచ్‌పీ మోటారు నుంచి పది హెచ్‌పీ దాకా వస్తాయి. చేతి పంపు, బ్యాటరీ పంపు, పెట్రోలు స్ప్రేయరు, తైవాన్ పంపు, ఒక్కోదానికి ఒక్కో సీలు, ఒక్కో నాజిలు. చేతికందే దూరంలో ఇవన్నీ ఎక్కడ పడతాయి? కొండపల్లి వాళ్ల దగ్గర నేర్చుకోవలసింది వేరే ఉంది. కర్ర పచ్చిగా ఉంటే వాళ్లు ఉలి పెట్టరు. ఆరబెట్టి, సెగ చూపించి, తేమ పోయాకే చెక్కుతారు. సరుకుని దాచే తీరు కూడా వాళ్లకి పనిలో భాగమే. నువ్వేమో వెల్డింగ్ రాడ్ల పెట్టె చించి అలాగే వదిలేస్తావు. వానాకాలం చెమ్మ పీల్చుకున్నాక ఆర్క్ సరిగా నిలవదు, అతుకులో బుడగలు వస్తాయి. అప్పుడు రాడ్ల కంపెనీని తిడతావు.

బావమరిది: సరే, అది ఒప్పుకుంటాను. మూతపెట్టే రేకు డబ్బా చాలు దానికి, ర్యాకు అక్కర్లేదు. అసలు నా భయం వేరు. అరలు కడితే చెత్త పెరుగుతుంది. మా ఇంట్లో అటక ఉంది కదా, నాన్న హయాం నుంచి అందులోకి ఎక్కినవే గానీ దిగినవి లేవు. ఖాళీ అర కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. కాలిపోయిన స్టార్టరు, పగిలిన ఫ్యాను రెక్క, ఎప్పటికైనా పనికొస్తుందని పెట్టేస్తాం. ఇప్పుడు జాగా లేదు కాబట్టి అమ్మేస్తున్నాను.

బావ: ఈ మాట నిజం, దీనికి నా దగ్గర ఎదురు లేదు. అందుకే కట్టడానికి ముందు తియ్యాలి. జపాను ఫ్యాక్టరీల్లో పుట్టి మన దగ్గర కూడా నేర్పుతున్న 5ఎస్ పద్ధతిలో మొదటి మెట్టు సర్దడం కాదు, ఏరి పారెయ్యడం. సర్దడం రెండోది, శుభ్రం మూడోది. మనవాళ్లు మొదటిది వదిలేసి రెండోదానితో మొదలుపెడతారు. నువ్వు షెడ్డులో ఉన్నదంతా వాకిట్లోకి తెచ్చి పొయ్యి. రెండు పంటకాలాలుగా ముట్టనిది పాత ఇనుము కొట్టుకి పంపు. కాలిన వైండింగుల రాగి తీగకి మంచి ధర వస్తుంది, ర్యాకు ఖర్చులో కొంత అక్కడే తేలుతుంది. మిగిలినదాన్ని చూసి, తూచి, కొలిచి, అప్పుడు అరలు ఎన్నో లెక్క వేద్దాం.

బావమరిది: దసరాకి ఆయుధ పూజ రోజున ఎలాగూ అన్నీ బయటికి తీసి కడుగుతాం.

బావ: కడిగి, పసుపు కుంకుమ పెట్టి, మళ్లీ అదే సంచిలో వేస్తావు. పూజ చేసిన పానాకి ఒక మేకు కూడా ఇవ్వకపోతే ఎలా?

బావమరిది: కట్టాలనే అంటే నేను బండలే వేయిస్తాను. కృష్ణ దాటితే పల్నాడు, నాపరాళ్లకి కొదవ లేదు. మా అమ్మ వంటింట్లో గూళ్లన్నీ బండలే. చెద పట్టదు, తుప్పు పట్టదు, ఎలుక కొరకదు. మా పేట ధనబోడు కొండ మీది స్తూపానికి తొడిగింది కూడా సున్నపురాయి పలకలే కదా. రెండువేల ఏళ్లు దాటినా వాటి మీది చెక్కడం చెరగలేదు. చక్రవర్తి శిల్పం ఉన్న పలక చెన్నై మ్యూజియంలో ఉంది, వెళ్లినప్పుడు నా కళ్లతో చూశాను.

బావ: మంచి ఉదాహరణే ఇచ్చావు, కానీ అది నా వైపు మాట్లాడుతుంది. ఆ పలకలు స్తూపానికి ఎలా నిలబడి ఉండేవి? నిలువుగా. వాటి వెనక మట్టి, ఇటుకలతో పేర్చిన పెద్ద దిబ్బ ఆనుకుని ఉండేది. రాయి నొక్కుడుకి ఎంతైనా ఓరుస్తుంది. వంపుకి ఓర్వదు. నువ్వు దాన్ని అడ్డంగా పరిచి, మధ్యలో ఐదు హెచ్‌పీ మోటారు దించుతావు. ఇనుమైతే ముందు వంగి చూపిస్తుంది, చెక్కయితే కిర్రుమంటుంది. బండ ఏమీ చెప్పకుండా ఫట్‌మని విరుగుతుంది, కింద నీ కాలు ఉంటుంది. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అంగుళం మందం ఉన్న బండ తనకు తనే 37 కిలోల దాకా తూగుతుంది. అమ్మ గూళ్లలో ఉన్నవి పప్పు డబ్బాలు, ఊరగాయ జాడీలు.

బావమరిది: రెండడుగులకి ఒక ఇటుక గోడ కట్టి ఊతమిస్తే?

బావ: అప్పుడు నిలుస్తుంది. కానీ అర ఎత్తు ఈ రోజు ఎంత పెట్టావో, షెడ్డు ఉన్నన్నాళ్లూ అంతే. వచ్చే ఏడు ఇంకో ఎత్తు మిషన్ వస్తే? ఈ బాధ మనకే కాదు. ఆస్ట్రేలియాలో పుట్టిన డిమిట్రియస్ కొమినో అనే ఆయన లండన్‌లో ప్రింటింగ్ ప్రెస్ నడిపేవాడు. ప్రెస్సులో పని మారినప్పుడల్లా స్టాండ్లు, అరలు విరగ్గొట్టి కొత్తవి కట్టించుకోవలసి వచ్చేది. దాంతో విసిగి, పొడవునా చిల్లులున్న ఇనప యాంగిలు తయారుచేశాడు. కావలసిన పొడవుకి కోసుకుని నట్టు, బోల్టుతో బిగించుకోవచ్చు, వద్దనుకుంటే విప్పి ఇంకోలా కట్టుకోవచ్చు. 1947లో దాన్ని డెక్సియన్ పేరుతో మార్కెట్లోకి తెచ్చాడు. నువ్వు ఎరువుల కొట్లోనో మందుల షాపులోనో రోజూ చూసే చిల్లుల ర్యాకు పుట్టింది అలాగే. వెల్డింగ్ చేసి కట్టిన దానికంటే ఇంటి షెడ్డుకి అదే మేలని నా అభిప్రాయం. నీకు వెల్డింగ్ వచ్చు కాబట్టి చెయ్యి ఉబలాటపడుతుంది, ఆపుకో.

బావమరిది: చిల్లుల ర్యాకు ఊగుతుంది బావగారూ. చాలాచోట్ల చూశాను. తోస్తే పక్కకి వాలుతుంది.

బావ: మూలల్లో ముక్కోణపు ప్లేట్లు వెయ్యకపోతే వాలుతుంది. డబ్బు మిగులుతుందని వాటిని మానేస్తారు. ప్రతి మూలకీ ప్లేటు, వెనకవైపు ఏటవాలుగా రెండు పట్టీలు గుణకారం గుర్తులా వేసి బిగిస్తే కదలదు. ర్యాకు కాళ్ల కింద ఇనప పలక పెట్టాలి. మనది నల్లరేగడి నేల. వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది, గచ్చు కూడా దాంతో పాటే లేస్తుంది. ఏడాదికోసారి మట్టం చూసి, తగ్గిన కాలి కింద రేకు ముక్క దూర్చాలి.

బావమరిది: గోడకి కట్టేస్తే సరిపోదా?

బావ: కట్టాలి, తప్పకుండా కట్టాలి. పిల్లలు ఎక్కినా ముందుకి పడకూడదు. అయితే మీ షెడ్డు వెనకగోడ మట్టితో పేర్చిన పాత ఇటుక గోడ. దానికి ఫాస్టెనర్లు కొడితే పట్టవు, గుల్లగా వచ్చేస్తాయి. గోడ గుండా బోల్టు దింపి, అవతల పక్క వెడల్పు ప్లేటు వేసి బిగించు. లేదా గోడ పొడుగునా టేకు పట్టీ ఒకటి అలా బిగించి, ర్యాకుని దానికి కట్టు. బరువు ఒక్క ఇటుక మీద పడదు.

బావమరిది: అరకి ఏం వెయ్యమంటారు? రేకా, ప్లైవుడ్డా?

బావ: నట్లు, బోల్టుల డబ్బాలకి రేకు చాలు. మోటార్లు పెట్టే అరకి 18 ఎంఎం ప్లైవుడ్. ఇక్కడే అందరూ దెబ్బతినేది. ఎనిమిదడుగుల షీటు ఉంది కదా అని మధ్యలో ఊతం లేకుండా పొడుగ్గా పరుస్తారు. బరువు అరంతా సమానంగా పరిచి ఉందనుకో, అడుగుకి ఇంత అన్న లెక్క మార్చకుండా ఊతానికీ ఊతానికీ మధ్య దూరం రెట్టింపు చేస్తే వంగుడు రెట్టింపు కాదు, పదహారు రెట్లు అవుతుంది. చెక్క మందం రెట్టింపు చేస్తే వంగుడు ఎనిమిదో వంతుకి దిగుతుంది. అందుకని మూడడుగులు దాటనివ్వకు. అర ముందు అంచున రెండంగుళాల పట్టీని నిలబెట్టి స్క్రూలు బిగిస్తే, చెక్క మందం పెంచినంత బలం వస్తుంది, డబ్బాలు జారి కింద పడకుండా అడ్డు కూడా. పార్టికల్ బోర్డు మాత్రం ఎంత చవకైనా తేవద్దు. వాన జల్లు కొడితే ఉబ్బి పొట్టులా రాలిపోతుంది.

బావమరిది: మీరు చెప్పిందంతా నందిగామ క్లాసురూములో బాగుంటుంది. మా షెడ్డులో ఒక మే నెల గడపండి. ఎండ 45 డిగ్రీలు దాటిన రోజున సిమెంటు రేకుల కింద పై అర మీద చెయ్యి పెట్టి చూడండి. అక్కడ పెట్టిన రబ్బరు సీళ్లు, ఓ-రింగులు బిరుసెక్కి, బిగించేటప్పుడు తుంపులవుతాయి. జిగురు డబ్బాలో గట్టిపడుతుంది. కెపాసిటర్లకి ఆయుష్షు తగ్గుతుంది. తేలికవి పైన, బరువువి కింద అంటారు మీ పుస్తకాల్లో. తేలికవన్నీ వేడికి ఓర్వనివే.

బావ: నేను దీన్ని ఆలోచించలేదు. నువ్వు చెప్పిందే సరి. పై అర ఇనప పైపులకి, యాంగిల్ ముక్కలకి వదిలెయ్. రబ్బరు, జిగురు, ఎలక్ట్రికల్ సామాను ఛాతీ ఎత్తులో, తూర్పు గోడ నీడపట్టున.

బావమరిది: ఇంకోటి. బరువువి కింద అన్నారు. 2023 జూలైలో మీ నందిగామ పక్కనే ఐతవరం దగ్గర మున్నేరు హైవే ఎక్కింది. హైదరాబాదు, విజయవాడ బళ్లన్నీ ఆగిపోయాయి. 2024 ఆగస్టు ఆఖరున, సెప్టెంబరు మొదట్లో మళ్లీ. పెనుగంచిప్రోలులో, నందిగామ పల్లపు వీధుల్లో ఎన్ని ఇళ్లు మునిగాయో మీకు తెలియంది కాదు. ఇక్కడ పాలేరు పొంగింది. కింది అరలో పెట్టిన మోటారు వైండింగ్ నీళ్లు తాగితే ఆ రైతుకి నేనేం సమాధానం చెప్పాలి?

బావ: అన్నిటికంటే కింది అరని మోకాలి ఎత్తులో పెడదాం. దాని కింద నీళ్లు తగిలినా తుడిచి వాడుకునే ఇనుమే ఉండాలి. పెద్ద మోటారు ఎత్తి పెట్టడానికి దూలానికి చైన్ పుల్లీ ఉంది కదా, నడుం విరగ్గొట్టుకోనక్కర్లేదు. వెల్డింగ్ మిషన్‌కి చక్రాల బండి చెయ్యి, వరద మాట వినగానే అరుగు మీదికి లాగెయ్యొచ్చు.

బావమరిది: ఇంత దాకా వచ్చాక కూడా నా మొదటి మాట అలాగే ఉంది. వెలుతురు లేని షెడ్డులో ఎన్ని అరలు కట్టినా ఏది ఎక్కడుందో కనిపించదు. నాకు బల్ల మీద రెండు పొడవాటి ఎల్‌ఈడీ లైట్లు, వెల్డింగ్‌కి విడిగా ఒక లైను, మంచి ఎర్తింగు, 30 మిల్లీ యాంపుల లీకేజీకే పడిపోయే బ్రేకరు. వీటి తర్వాతే ర్యాకు.

బావ: కరెంటు పని ముందు చేయించు, నేను అడ్డం చెప్పను. ప్రాణంతో ముడిపడ్డ పని. బల్ల కూడా చేయించు. వైసు బిగించేటప్పుడు దాని దవడల పైభాగం నీ మోచేతి ఎత్తుకి రావాలి. ఆకురాయి పట్టేటప్పుడు భుజం పడిపోకుండా ఉంటుంది. ఫిట్టరు ట్రేడులో మొదటి వారం నేర్పేది అదే. బజారులో దొరికే రెడీమేడ్ బల్ల ఎవరి ఎత్తుకో చేసింది, అది కొనకు. కానీ లైటూ బల్లా వచ్చాక ర్యాకుని మళ్లీ దసరాకని వాయిదా వేశావో, బల్లే నీకు అర అవుతుంది. పని చెయ్యడానికి జానెడు జాగా మిగిలి, మిగతాదంతా సామాను నిండుతుంది. ఇప్పుడున్న పాత బల్ల మీద ఖాళీ ఎంతుందో చూడు.

బావమరిది: అది నిజమే. పానాలు ఎక్కడ పెట్టమంటారు? గోడకి తగిలించమంటారా? అదొక్కటీ నా వల్ల కాదు. వీధిలో వాళ్లంతా చూస్తారు. అన్నా ఒకసారి పద్నాలుగు నంబరు ఇవ్వవా అంటారు. సంచిలో ఉంటే లేదనొచ్చు.

బావ: ఇచ్చిన పానా తిరిగి రాలేదని ఎన్నాళ్లకి తెలుస్తుంది నీకు? కావలసొచ్చిన రోజున. అదే చెక్క మీద ప్రతి పానా ఆకారం రంగుతో గీసి, దాని మీదే తగిలిస్తే, సాయంత్రం షెడ్డు మూసేటప్పుడు ఖాళీ బొమ్మ నీకు కనిపిస్తుంది. పక్కన పలక ఒకటి పెట్టు, తీసుకెళ్లినవాడి చేతే పేరు రాయించు. అమెరికాలో జూలియా చైల్డ్ అని పేరుమోసిన వంటల రచయిత్రి ఉండేది. ఆమె భర్త వంటింటి గోడకి చిల్లుల బోర్డు కొట్టి, ఒక్కో గిన్నె ఆకారం గీసి పెట్టాడు. ఎవరు తోమినా ఎక్కడిదక్కడికి వెళ్లేది. ఆ వంటిల్లు ఇప్పుడు వాషింగ్టన్ మ్యూజియంలో ఉంది.

బావమరిది: మా ఇంట్లో ఆ షెడ్డులోకి వచ్చేది నేనొక్కణ్ణే కదా.

బావ: ఎందుకు నువ్వొక్కడివే? స్తూపం మాట నువ్వే ఎత్తావు కాబట్టి చెబుతున్నాను. అక్కడ దొరికిన శాసనం ఒకటుంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ ఏట, అంటే మూడో శతాబ్దంలో, సిద్ధార్థుడనే శిల్పి తూర్పు వాకిట ఆయక స్తంభాలనే ఐదు రాతి స్తంభాలు నిలబెట్టించాడు. రాజు కాదు, మంత్రి కాదు, పనివాడు. తండ్రి కూడా అదే పనివాడని రాయించుకున్నాడు. తన పేరొక్కటే వేసుకోలేదు, ఇంటివాళ్ల పేర్లన్నీ వరసగా చెక్కించాడు. పని తనదైనా, పుణ్యం ఇంటిల్లిపాదిదీ అనుకున్నాడు. నీ షెడ్డు సంపాదనతోనే కోడలు చదువుతోంది. నువ్వు జ్వరంతో పడుకున్న రోజున మా చెల్లెమ్మ తలుపు తీసి, ఫలానా రైతు పంపు మూడో అరలో ఉందని చూసి ఇచ్చేలా ఉండాలి. ప్రతి వస్తువుకీ రైతు పేరు, ఊరు, తేదీ రాసిన చీటీ తీగతో కట్టు. నువ్వు గుర్తుపెట్టుకోవడం గొప్ప కాదు, ఇంకొకరికి దొరకడం గొప్ప.

బావమరిది: చీటీల సంగతి ఒప్పుకున్నాను. మొన్న రెండు పంపులు తారుమారై మాట పడ్డాను కూడా. సరే, నట్లు, వాషర్లు ఇప్పుడున్న డబ్బాల్లోనే ఉంచి, మూత మీద సైజు రాస్తాను. వాటికి కొత్తగా ఖర్చెందుకు?

బావ: ఏ డబ్బాలు? ఆ పురుగుమందు డబ్బాలా?

బావమరిది: కడిగానండీ. వాసన కూడా లేదు.

బావ: వాసన పోతే మందు పోయినట్టు కాదు. ప్లాస్టిక్ లోపలికి ఇంకుతుంది. నువ్వు అందులో చెయ్యి పెట్టి వాషరు తీస్తావు, అదే చేత్తో టీ గ్లాసు పట్టుకుంటావు. కోడలి తమ్ముడు చిన్నవాడు, గోళీలు వేసుకుంటాడు అందులో. మందు అయిపోగానే రైతు ఆ డబ్బాని మూడుసార్లు తొలిచి, ఆ నీళ్లు స్ప్రేయరు ట్యాంకులోనే పొయ్యాలి. డబ్బాకి చిల్లులు పొడవాలి, ఇంకెవరూ వాడకుండా. ఇది మనిద్దరం వాదించుకునే విషయం కాదు.

బావమరిది: కాదు. రేపే తీసేస్తాను. బాగుచెయ్యడానికి వచ్చే స్ప్రేయర్లలో కూడా మందు మిగిలే ఉంటుంది.

బావ: వాటిని లోపలికి తేకముందే వాకిట్లో రైతు చేతే కడిగించు, చేతులకి తొడుగు లేకుండా ముట్టుకోకు. పెట్రోలు, థిన్నరు కూడా షెడ్డు బయట, నీడలో, తాళం వేసే ఇనప పెట్టెలో. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నేల మీద పాకుతుంది. నీ గ్రైండరు నిప్పురవ్వలు పడేదీ నేల మీదే.

ఇద్దరూ చివరికి ఒక వరసకి వచ్చారు. ముందు ఖాళీ చెయ్యడం, తర్వాత కరెంటు, బల్ల, ఆ వెంటనే ఒక్క గోడకి చిల్లుల ర్యాకు. రెండో గోడ సంగతి ఒక పంటకాలం గడిచాక చూడాలన్నది బావమరిది పట్టు, బావ ఒప్పుకున్నాడు. బల్ల ముందన్న బావమరిది మాటే నిలిచింది. కానీ ఆ బల్ల పనికొచ్చేలా ఉంచేది బావ అడిగిన ర్యాకే అని నా నమ్మకం.

చదువుతున్న మీ ఇంటి వెనక కూడా ఇలాంటి షెడ్డు ఉంటే, అరలు ఎప్పుడు కట్టుకున్నా ఫరవాలేదు. ఒక్కటి మాత్రం వాయిదా వెయ్యకండి. మేకులు, నట్లు, విత్తనాలు ఏవైనా సరే, పురుగుమందు డబ్బాల్లో పోసి ఉంటే ఇవాళే ఖాళీ చేసి, ఆ డబ్బాలకి చిల్లులు పొడిచి పక్కన పడెయ్యండి. వాడుతున్న మందులు పిల్లలకి అందని చోట తాళం వేసి పెట్టండి.